ఎడారిని చూచిన కన్ను

ఎం.ఎఫ్. హుసేన్ అనగానే మన విద్యార్థులకు గుర్తుకు వచ్చేవి మూడు: గుర్రాలు, చెప్పులు లేని పాదాలు, కోర్టు వ్యాజ్యాలు. కొంచెం వయస్సు మళ్ళినవారిని అడిగితే నాలుగవదిగా ఒక హిందీ సినిమా తార పేరు కూడా చెబుతారు. ఈ నాలుగింటిలో ఏదీ అసత్యం కాదు. కాని ఒక చిత్రకారుని ప్రస్తావన రాగానే ఆయన చిత్రించినదానికంటె ఆయన చుట్టూ లేచిన దుమారమే ముందుగా మనస్సుకు తట్టడం చదువుకొన్నవారికి శోభించే విషయం కాదు. హుసేన్ 2011 జూన్ 9న లండనులో కన్నుమూశారు. ఆ దుమారం చాలవరకు అణిగినది. ఇకనైనా ఆయన పనిని పనిగా చూడవచ్చును. అందుకు నేను ఎన్నుకొన్నది కాన్వాసు మీది బొమ్మ కాదు. ఆయన రాజస్థాన్‌లో తిరిగి తీసిన ఒక చిన్న చలనచిత్రం. కృష్ణా కాలువల నడుమ కూర్చుండి ఎడారి సంగతి మనకెందుకని ఎవరైనా అడుగవచ్చును. ఆ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆ చిత్రం పేరు 'థ్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్'. తెలుగులో 'చిత్రకారుని కళ్ళతో' అనుకోవచ్చును. 1967లో భారత ప్రభుత్వపు ఫిల్మ్స్ డివిజన్ దానిని నిర్మించినది. థియేటర్లలో అసలు సినిమాకు ముందు వార్తాచిత్రాలు, డాక్యుమెంటరీలు చూపించిన సంస్థగా మన పెద్దలకు అది బాగా తెలుసు. ఆ కొద్ది నిమిషాలు బయట సోడా త్రాగి రావడానికి చక్కగా పనికివచ్చేవని చెప్పినవారు కూడా ఉన్నారు. అయితే ఆ కాలంలో సంస్థకు ముఖ్య సలహాదారుగా ఉన్న జీన్ భౌనగరి కొత్త ప్రయోగాలకు చోటు ఇచ్చారు. ఒక చిత్రకారుని చేతికి సినిమా కెమెరాను అప్పగించడం ఆ ప్రయోగాలలో ఒకటి. హుసేన్‌కు సినిమా పరాయిది కాదు. యౌవనంలో బొంబాయి వీధులలో సినిమా హోర్డింగులు వ్రాసి కడుపు నింపుకొన్న మనిషి ఆయన. 1947లో సూజా, రజా, ఆరా మొదలైనవారితో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేరేవరకు ఆయనను చిత్రకారుడన్నవారు అరుదు.

పావుగంటకు కొంచెం అటూ ఇటూగా నడిచే ఆ నలుపు తెలుపుల చిత్రానికి 1967లోనే బెర్లిన్ చలనచిత్రోత్సవంలో లఘుచిత్రాలకు ఇచ్చే స్వర్ణ భల్లూకం లభించినది. మన జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ ప్రయోగాత్మక చిత్రమన్న గుర్తింపు కూడా వచ్చినది. మనవారు చాలామంది గమనించని విశేషం మరొకటి ఉన్నది. ఆ చిత్రానికి సంగీతం కూర్చినవారు ఏల్చూరి విజయరాఘవరావు. వేణువు వాయించడంలో దేశమంతటా పేరుగాంచిన ఆ విద్వాంసునికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంటిపేరే ఆయన ఏ భాషవారో చెబుతున్నది. కాబట్టి ఎడారి మీద తీసిన ఆ పావుగంటలో మాట లేని చోట మనకు వినిపించేది ఒక తెలుగువాని ఊహలో పుట్టిన నాదం. బెర్లిన్ బహుమతిని మనం ఎప్పుడూ మన లెక్కలో వ్రాసుకోలేదు.

ఇంతకూ ఆ చిత్రంలో ఏమున్నది? కథ లేదు. ఆరంభంలో హుసేన్ తెరమీదికి వచ్చి, తాను చూచినవాటిని ఒక వరుస కథగా కాక విడివిడి దృశ్యాలుగా పేర్చి చూపబోతున్నానని తెలియజేస్తారు. అక్కడి నుండి వ్యాఖ్యానం ఆగిపోతుంది. బూందీ, చిత్తోడ్, జైసల్మేరు కనబడతవి. (బూందీ నిజానికి ఎడారి కాదు, కొండల నడుమ చెరువుల ప్రక్కన ఉన్న ఊరు. అసలైన ఇసుక జైసల్మేరు దగ్గరనే. రాజస్థాన్ అనగానే అంతా ఇసుకే అనుకోవడం మనకు సినిమాలు నేర్పిన భూగోళం.) కోట గోడలు, వాటి మీద ఎండ, ఆ ఎండలో నడిచే ఆడవారు, పశువులు, పిల్లలు వస్తుంటారు. నడుమ నడుమ ఒక గొడుగు, ఒక లాంతరు, ఒక చెప్పు. ఇవి ఏ కారణమూ లేకుండా కోట ముందు, ఇసుకలో, గోడ ప్రక్కన ప్రత్యక్షమవుతవి. హుసేన్ చిత్రాలను చూచినవారికి ఈ గొడుగూ ఈ లాంతరూ కొత్తవి కావు. ఇంట్లో చిన్నతనం నుండి చూచిన వస్తువులను ఆయన జీవితాంతం గీస్తూనే వచ్చారు. ఇక్కడ ఆ వస్తువులను వెంట తీసుకొని వెళ్ళి ఎడారిలో నిలబెట్టినారు, అంతే.

మొదటిసారి చూచినవారు సాధారణంగా అనే మాట 'అర్థం కాలేదు' అని. ఆ మాటను తరువాత తీసుకొందాము. ముందు ఆయన చూచిన దేశం ఎటువంటిదో కొంత తెలుసుకోవాలి.

ఎడారి ప్రజలకు రంగు అలంకారం కాదు, అవసరం. నేల రంగు ఒకటే, ఆకాశం రంగు ఒకటే అయిన చోట మనిషి తన ఉనికిని తానే ప్రకటించుకోవాలి. అందువల్లనే అక్కడి తలపాగా ఎర్రన, ఓఢనీ పసుపు. ముడులు వేసి అద్దిన బాంధనీ చుక్కలు, అలలు తేలిన లహరియా చీరలు నీరు లేని సీమలో పుట్టడం ఆశ్చర్యం కాదు. అల చూడనివాడే అలను గుడ్డ మీద అద్దుకొంటాడు. ఇక కట్టడాల సంగతి. జైసల్మేరును 1156లో రావల్ జైసల్ స్థాపించాడు. అక్కడ దొరికే రాయి పసుపుపచ్చనిది. సాయంకాలపు ఎండ పడితే ఊరంతా బంగారు పూత పూసినట్లు కనబడుతుంది. ఆ రాతిలో చెక్కిన జాలీలను మనం ఫొటోలలో చూచి 'ఎంత అందము' అంటాము. ఆ అందం వెనుక బ్రతుకు అవసరం ఉన్నది. జాలీ ఎండను ముక్కలు చేసి లోపలికి పంపుతుంది, గాలిని వడిగా లాగుతుంది, లోపలివారు బయటికి కనబడకుండా బయటిని చూడనిస్తుంది. వీధులు ఇరుకుగా ఉండేది చోటు చాలక కాదు, ఒక ఇంటి నీడ ఎదుటి ఇంటి మీద పడడానికి. ఆ ఊళ్ళో నథ్‌మల్ హవేలీ అని ఒక భవంతి ఉన్నది. 19వ శతాబ్దం చివర ఇద్దరు సోదర శిల్పులు కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు కట్టినారని చెబుతారు. రెండు వైపులూ దూరానికి ఒకే విధంగా కనబడతవి, దగ్గరికి వెళితే ఒక్క చెక్కడమూ రెండవ వైపు దానితో సరిపోదు. కుడి నుండి ఉర్దూ, ఎడమ నుండి తెలుగు తెరుచుకొనే మన పత్రికకు ఆ ఇల్లు దూరపు చుట్టమనిపిస్తుంది నాకు.

ఆ రాతిని చెక్కే సిలావత్‌లు ముస్లింలు. ఆ ఇసుకలో తరతరాలుగా హిందూ యజమానుల ఇళ్ళలో పెండ్లికీ పురుడుకూ పాడే మాంగణియార్ గాయకులు ముస్లింలు. బాడ్‌మేరులో అజ్రఖ్ అద్దే ఖత్రీలలో ముస్లింలు ఎందరో. ఎడారి సంస్కృతిని ఏ ఒక్క మతానికో ముడివేసి మాట్లాడేవారికి అక్కడి రాయే సమాధానం చెబుతుంది. హుసేన్ ఈ సంగతిని తన చిత్రంలో ఎక్కడా మాటలలో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆయనకు కనబడలేదు.

ఇప్పుడొక సందేహం. ఇంత రంగుల దేశాన్ని నలుపు తెలుపులలో చూపడమేమిటి? రంగులతో బ్రతికిన చిత్రకారుడు రంగును విడిచిపెట్టి చూచిన రాజస్థాన్ అది. అదే దాని బలమని నా అభిప్రాయం. ఎర్రని ఓఢనీ కంటికి తగిలినప్పుడు మనం దానినే చూస్తాము. దాని వెనుక గోడ మీద నీడ ఎంత పొడవున్నదో చూడము. రంగు తొలగగానే గోడ బయటపడినది, నీడ బయటపడినది, తల మీది కుండ గుండ్రదనమూ, బురుజు గుండ్రదనమూ ఒకటేనని తెలిసినది. యాత్రికుడు వర్ణాన్ని చూస్తాడు, చిత్రకారుడు ఆకారాన్ని చూస్తాడు. పర్యాటక శాఖల ప్రకటనలు ఈనాటికీ ఆ మొదటి రాజస్థాన్‌నే అమ్ముతున్నవి.

ఇక 'అర్థం కాలేదు' అనే మాట. ఈ మాట అనేవారు సాధారణంగా చదువుకొన్నవారే కావడం గమనింపదగినది. దీనికి మన హైదరాబాదులోనే ఒక నిదర్శనం ఉన్నది. హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తి అనే సోషలిస్టు, కళాప్రియుడు ఉండేవారు. 'కల్పన' అనే హిందీ సాహిత్య పత్రికను నడిపినవారు. హుసేన్‌కు ఆయన ఇల్లు సొంత ఇంటి వంటిది. రామమనోహర్ లోహియా ఒకసారి హుసేన్‌తో, టాటా బిర్లాల డ్రాయింగు రూములకు బొమ్మలు వేయడం చాలు, ఈ దేశ ప్రజల రామాయణం వేయరాదా అన్నారట. లోహియా 1967 అక్టోబరులో మరణించారు. ఆయన మాట మాత్రం హుసేన్‌ను వదలలేదు. పండితుల దగ్గర కూర్చుండి వాల్మీకినీ తులసీదాసునూ విని, పిత్తిగారి ప్రాపున ఆయన రామాయణ చిత్రాలను వేశారు. ఎనిమిదేండ్లలో సుమారు 150 కాన్వాసులని ఆయనే చెప్పుకొన్నారు. ఆ చిత్రాలను ఎడ్లబండ్ల మీద హైదరాబాదు చుట్టుప్రక్కల పల్లెలకు తీసుకొనిపోయి పరచి చూపినప్పుడు, పల్లెవారు ఒక్కరైనా కన్ను ఏది, ఇతడు రాముడెట్లా అవుతాడు అని అడుగలేదట. పట్నవాసులైతే తప్పక అడిగేవారని ఆయన వ్యాఖ్య. తోలుబొమ్మలాటలో రావణుని పది తలలను ఒకే ప్రక్కన అతికించినా తడుముకోని జనం వారు. బొమ్మను బొమ్మగా చూడడం వారికి పుట్టుకతో తెలుసు. చదువు మనకు ఒక గుణం నేర్పినది. ప్రతి దృశ్యం క్రిందా ఒక వాక్యం ఉండాలని కోరడం ఆ గుణం. అది దొరకకపోతే అర్థం కాలేదంటాము. ఆకాశంలో మబ్బును చూచి ఎవరైనా అర్థం కాలేదన్నారా?

హుసేన్ మరల జైసల్మేరుకు వెళ్ళారు. 2004లో విడుదలైన 'మీనాక్షి' అనే ఆయన హిందీ చిత్రానికి 'మూడు నగరాల కథ' అని ఉపశీర్షిక. ఆ మూడూ హైదరాబాదు, జైసల్మేరు, ప్రాగ్. టాబూ కథానాయిక, ఏ.ఆర్. రహమాన్ సంగీతం. అప్పటికి హుసేన్ తొంభైకి చేరువలో ఉన్నారు. ఆ చిత్రాన్ని మెచ్చుకొనేవారు చాలామందే ఉన్నారు గాని, నాకు మాత్రం 1967 నాటి పావుగంట ముందు ఈ రెండు గంటలు తేలిపోయినట్లు అనిపిస్తుంది. ఇందులో రంగులున్నవి, పట్టుబట్టలున్నవి, అందమైన మనుషులున్నారు. ఎడారి మాత్రం వారి వెనుక వ్రేలాడదీసిన తెరవలె ఉన్నది. గొడుగును ఇసుకలో నిలబెట్టి ఊరుకోగలిగిన ఆనాటి ధైర్యం ఇందులో తక్కువ. ఆ చిత్రంలోని ఒక పాట మీద కొన్ని ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పడంతో ఆయన చిత్రాన్నే థియేటర్ల నుండి ఉపసంహరించుకొన్నారు. దేవతల చిత్రాల విషయమై 1996 నుండి మరొక వైపువారి ఆగ్రహం ఉండనే ఉన్నది. 2006లో దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆయన మీది అశ్లీలతా వ్యాజ్యాలను కొట్టివేసినా తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకొన్నారు. ఆయన వేసినదంతా నాకు నచ్చినదని చెప్పను. ఒకరి మనస్సు నొచ్చినదంటే కాదనడానికి నేనెవరిని? కాని నొచ్చిన మనస్సు గోడ మీది బొమ్మను చించివేయడానికి అధికారపత్రం కాజాలదు. ఇంతకుమించి ఆ సంగతి ఇక్కడ అనవసరం.

మన సీమకు వద్దాము. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉన్నది. అక్కడ పొణికి కర్రతో బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థాన్ నుండి వచ్చారని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. (అనవేమారెడ్డి పిలిపించాడనీ, అది 16వ శతాబ్దమనీ కొందరు ఒకే వాక్యంలో వ్రాస్తుంటారు. అనవేముడు 14వ శతాబ్దపు రాజు, రెండూ పొసగవు. వలస సంగతిని మాత్రం వారి వంశస్మృతిగా గౌరవించవచ్చును.) తేలికైన ఆ కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత మీద రంగులు వేస్తారు. 2007లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. అంబారీ ఏనుగును చూడండి. ఆ అంబారీలో, ఆ తలపాగాలలో ఉత్తరదేశపు కొలువు ఛాయ కనబడుతూనే ఉన్నది. కాని దాని ప్రక్కన నిలిచే మిగిలిన బొమ్మలేవి? తాటిచెట్టు, గీత కార్మికుడు, ఎడ్లబండి, రోలు రోకలి దగ్గర ఆడవారు, బుట్ట తలకెత్తుకొన్న పల్లెటూరి మనిషి. ఇవన్నీ మనవే. ఎడారి నుండి వచ్చినవారి సంతతి మన తాటిచెట్టును చూచి బొమ్మ చేసినది. నిత్యమూ దాని క్రిందనే నడిచిన మనకు అది బొమ్మ కాదగిన వస్తువని తోచలేదు.

దీనిని నేను దెప్పిపొడుపుగా చెప్పడం లేదు. పరాయి కన్నుకు ఒక ఉపయోగమున్నది. హుసేన్ రాజస్థాన్‌లో పుట్టలేదు. పంఢరపురంలో పుట్టి ఇందౌరులో పెరిగి ఆ దారిన పోతూ చూచారు. కొండపల్లివారు వచ్చి చూచారు. పెడనలో కలంకారీ అద్దకంలోని మెహరాబులు, సరుగు చెట్టును పోలిన సన్నని సైప్రస్ చెట్లు పారసీక వర్తకుల కోరిక మీద మన బందరు గుడ్డకెక్కినవి. కలం, కారీ అన్న మాటలే ఆ దేశం నుండి వచ్చినవి. అయితే ఎంతకాలమని వచ్చిపోయేవారి కన్నులతోనే మన ఊరిని చూచుకొందాము?

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. ఎడారివాడు రాతితో కట్టినాడు. హుసేన్ 1967లో తీసిన కోటగోడలను ఈనాడు వెళ్ళి చూడవచ్చును. మన డెల్టావాడు మట్టితో, తాటాకుతో, పెంకుతో, కలపతో కట్టినాడు. జాలీ ఎంత తెలివైనదో మన మండువా లోగిలి అంత తెలివైనది. నాలుగు వైపుల వసారాల నడుమ ఆకాశానికి తెరుచుకొన్న ఆ చోటున వానా వెలుతురూ గాలీ ఒకే దారిన ఇంట్లోకి దిగుతవి. తీరప్రాంతపు చుట్టిల్లు గుండ్రంగా ఉండడంలో వేడుక లేదు. మూల లేని గోడను తుఫాను గాలి పట్టుకోలేదు, ప్రక్కగా జారిపోతుంది. ఇసుకగాలికి అక్కడివాడు జాలీతో ఇచ్చిన జవాబును ఉప్పుగాలికి ఇక్కడివాడు గుండ్రని మట్టిగోడతో ఇచ్చినాడు. కాని మట్టిగోడకు ఆయుర్దాయం తక్కువ. 1864 నవంబరు 1న సముద్రం బందరు మీదికి వచ్చినప్పుడు సుమారు 30,000 మంది పోయారని చరిత్ర. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలు పోయినవి, ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకొనిపోయినవి. మనుషుల లెక్క ఎవరో ఒకరు వ్రాసినారు. ఆ ఇళ్ళ గడపల మీద ఏ ముగ్గు ఉండేదో, అరుగు ఎంత ఎత్తో, దూలం మీద ఏ పువ్వు చెక్కి ఉండేదో గీసి ఉంచినవారు ఎందరు? తుఫాను చేయగా మిగిలినదానిని మన సంపాదన చేస్తున్నది. విజయవాడ వన్ టౌన్ సందులలో చెక్క మెట్లు, రంగు అద్దాల కిటికీలు, కలప వసారాలు ఉన్న పాత ఇల్లు ఒకటి పడిపోయిన చోట ఆరు నెలలలో నాలుగంతస్తుల కాంక్రీటు లేస్తున్నది. కొత్త ఇల్లు కట్టుకోవద్దని ఎవరినీ అనడానికి లేదు; అందులో ఉండేది వారు, నేను కాదు. ఎడారిలో రాయి తనను తాను కాపాడుకొంటుంది. ఇక్కడ ఆ పని కాగితం చేయవలసి ఉన్నది.

ఈ మాటలు తరగతిలో చెప్పినప్పుడు ఒక విద్యార్థి పాఠం అయిన తరువాత నా దగ్గరికి వచ్చి నోటు పుస్తకం చూపినాడు. సంధులూ సమాసాలూ వ్రాయవలసిన పుటల అంచుల నిండా మినారులు, కమానులు, ఒక సైకిలు, రిక్షా మీద కునుకు తీస్తున్న మనిషి కాళ్ళు. "బాగున్నవి, ఇంకా వేస్తున్నావా?" అన్నాను. "లేదు సార్, మా అబ్బా వద్దంటారండీ. బొమ్మలు వేయడం తగదంటారు" అన్నాడు. ఈ ప్రశ్న మన ఇళ్ళలో ఉన్నది, దాచి లాభం లేదు. ప్రాణుల ఆకృతుల విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నవి. నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి, ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. తండ్రి మాట కాదని బొమ్మలు వేయమని ఆ పిల్లవానికి చెప్పలేదు, చెప్పను కూడా. ఒక్కటే అన్నాను: "మనిషి కాళ్ళను అట్లా ఉంచు. ఆ కమాను వంపును ఇంకా సరిగా వేయి. ఆ మసీదు మెట్లు ఎన్నో లెక్కపెట్టినావా?" గోడ, వంపు, జాలీ, తోరణం, లత, అక్షరం వీటి విషయంలో ఏ తండ్రీ అడ్డుచెప్పడు. అల్‌హంబ్రా గోడలలో, గోల్కొండ సుల్తానుల గోరీల సున్నపు పూతపనిలో ఉన్నది అదే. జైసల్మేరు సిలావత్ ఉలి క్రింద పుట్టినది కూడా అదే. ఆ పిల్లవాడు మరుసటి వారం మెట్ల సంఖ్యతో వచ్చినాడు. తొమ్మిది.

ఈ సందేహం లేని ఇళ్ళలో మరొక ఆటంకమున్నది, అది ఇంకా గట్టిది. బొమ్మలు వేస్తే మార్కులు వస్తవా అన్నది. ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు పిల్లలను తీర్చే విషయంలో దేశానికే దారి చూపిన ఊరు మనది. ఆ పరీక్షా మందిరాలలో కిటికీ బయటికి చూచిన పిల్లవానికి వచ్చేది మందలింపు. చిత్రలేఖనానికి పీరియడు ఉన్న ఉన్నత పాఠశాలలను వేళ్ళ మీద లెక్కించవచ్చును. కిటికీ ఎందుకు ఆ కొలతలో ఉండాలో తెలియని పిల్లవాడు నాలుగేండ్లు చదివి సివిల్ ఇంజనీరై అపార్టుమెంట్లు కడితే, పడమటి ఎండంతా పడకగదిలోకి వచ్చే ఇల్లే కడతాడు. ఆ ఇంట్లోనే మనం ఏసీకి కరెంటు బిల్లు కడుతున్నాము.

కళాశాల యాజమాన్యానికి నా విన్నపం పెద్దది కాదు. చిత్రకళా శాఖను తెరవమని అడగడం లేదు. దానికి పోస్టులు కావాలి, పోస్టులకు ఏమి కావాలో అందరికీ తెలుసు. ఏటా రెండవ సంవత్సరం పిల్లలను ఎట్లాగూ విహారయాత్రకు తీసుకొనిపోతున్నాము. ఒక ఏడు దూరం పోకుండా కొండపల్లి కోటకు తీసుకొనిపోయి, సెల్‌ఫోన్లు బస్సులోనే ఉంచి, తలకొక తెల్ల కాగితమూ పెన్సిలూ ఇవ్వవచ్చును. కోటలో దర్గా ఉన్నది, రాజమహలు శిథిలాలున్నవి, క్రింద బొమ్మల కాలనీ ఉన్నది. ఎవరికి ఏది నచ్చితే అది. వేసిన కాగితాలలో మంచివి నాలుగు వచ్చే ఏటి సంచికలో, ఉర్దూ తెలుగు విభాగాలు కలిసే నడుమ పుటలలో, క్రింద వాక్యమేమీ లేకుండా అచ్చువేద్దాము. ప్రిన్సిపాలు గారి సందేశం, గ్రూపు ఫొటోలు ఎట్లాగూ ముందు పుటలలో ఉంటవి గనుక చోటుకు ఇబ్బంది లేదు.

దానికి ముందు హుసేన్ చిత్రాన్ని ఒకసారి చూపించాలి. తరగతి గదిలో గోడకు ఒక తెల్లని దుప్పటి కడితే చాలు. దాని నిడివి పావుగంట, మన పీరియడు నలభై అయిదు నిమిషాలు. మొదటిసారి చూచి అర్థం కాలేదని అందరూ అంటారు. అననివ్వండి. వెంటనే రెండవసారి వేయవచ్చును. ఆ తరువాత కూడా గంట కొట్టేలోగా మాట్లాడుకోవడానికి పది నిమిషాలు మిగులుతవి.